వాషింగ్టన్ మాన్యుమెంట్ మీద గీత గీసిందెవరు? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్లకి వినబడుతోందా? పిల్లలూ, మీరు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఈ పజిల్ అసలు మీకోసమే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తయ్యలు, మామయ్యలు కూడా చాలామంది కనబడుతున్నారు, మంచిదే, రాయి గురించి మాకంటే మీకే ఎక్కువ తెలుసు, మధ్యలో ఎక్కడైనా ఆపి అడగండి.

వర్జీనియాలో, మేరీల్యాండ్‌లో మన ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది కదా. ఊరి నుంచి ఎవరొచ్చినా జెట్‌లాగ్ దిగగానే వాషింగ్టన్ డీసీ తీసుకెళ్లాలి, పులిహోర డబ్బా ఒకటి, నీళ్ల సీసాలు, నాన్నగారి మంకీ క్యాపు, వైట్‌హౌస్ గేటు దగ్గర ఒక ఫోటో, లింకన్ దగ్గర ఒక ఫోటో, ఆ తర్వాత జార్జ్ వాషింగ్టన్ గుర్తుగా కట్టిన ఆ పొడవాటి రాతి స్తంభాన్ని, అదే వాషింగ్టన్ మాన్యుమెంట్‌ని, అరచేతిలో పట్టుకున్నట్టు ఒక ఫోటో, అయిపోయింది. ఆ ఫోటో ఇప్పుడు మీ ఫోన్‌లో ఉంటే తీయండి. తీసి జూమ్ చేయండి. కింద నుంచి పావు వంతు దాటాక ఏం కనబడుతోంది?

(సభలోంచి: "రంగు మారింది!")

మారింది కదా. ఎందుకు మారింది?

(సభలోంచి: "డబ్బులైపోయాయి!")

ఇదిగో, ఎవర్ని అడిగినా చెప్పే జవాబు ఇదే. కట్టడం మొదలుపెట్టారు, మధ్యలో డబ్బులైపోయాయి, పాతికేళ్లు ఆగింది, మళ్లీ మొదలెట్టినప్పుడు వేరే రాయి తెచ్చారు, అందుకే గీత. అబద్ధం కాదు, కానీ సగం జవాబే. డబ్బులైపోవడం వల్ల రాయి మారిందంటే ఒప్పుకుంటాను, రంగు ఎందుకు మారిందో మాత్రం దాంట్లో లేదు. ఎందుకంటే కొత్త రాయి తెచ్చినప్పుడు వాళ్లేమీ గుడ్డిగా తేలేదండి, పాత రాయికి సరిపోయేదే వెతికి వెతికి తెచ్చారు, పెట్టినప్పుడు రెండూ దాదాపు ఒకలాగే తెల్లగా ఉన్నాయి. తర్వాత నూటనలభై ఏళ్లు ఎండ, వాన, మంచు ఆ రెండు రాళ్ల మీదా ఒకేలా పడినా, రెండూ ఒకేలా మారలేదు. అంటే ఆ గీతని మేస్త్రీలు గీయలేదు, వాన గీసింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క గురించే, ఆ ముక్క పిల్లలకి పాఠంలా కాకుండా ఆటలా ఎలా అందించాలా అని తయారుచేసిందే ఈ పజిల్.

ఈ పజిల్ జియోక్యాషింగ్ అనే ఆట నుంచి పుట్టింది, ముందు అదంటే ఏంటో తెలీని వాళ్లకి రెండు మాటలు. 2000వ సంవత్సరం మే మొదటి రోజుల వరకూ మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా ప్రభుత్వం కావాలనే చెడగొట్టి ఇచ్చేది, వంద మీటర్లు అటూ ఇటూ చూపించేది. క్లింటన్ హయాంలో అది తీసేశారు. రాత్రికి రాత్రి జీపీఎస్ పది ఇరవై మీటర్ల లోపలికి వచ్చేసింది. మే 3న ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన, ఇదెంత కరెక్టుగా పనిచేస్తుందో చూద్దామని ఒక బకెట్‌లో ఒక పుస్తకం, ఏవో వస్తువులు, ఒక చిక్కుళ్ల డబ్బా కూడా పెట్టి అడవిలో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. వెతుక్కుని వెళ్లినవాడు పుస్తకంలో పేరు రాయాలి, ఏదైనా తీసుకుంటే బదులు ఏదైనా పెట్టాలి. అంతే ఆట. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నారు. మన వీధి చివర దీపస్తంభం మొదట్లో కూడా ఒక చిన్న డబ్బా ఉండొచ్చు, మీరు రోజూ దాని పక్కనుంచే కుక్కని తీసుకెళ్తూ ఉండొచ్చు.

ఇందులోనే ఎర్త్‌క్యాష్ అని ఒక రకం ఉంది. 2004లో మొదలైంది, అమెరికా జియాలజీ సొసైటీ వాళ్లు నడిపించారు, మొదటిది పెట్టింది మాత్రం ఆస్ట్రేలియా సముద్రపొడ్డున. దీంట్లో డబ్బా ఉండదు. చెప్పిన చోటికి వెళ్లాలి, అక్కడి రాయినో కొండనో చూడాలి, ప్రశ్నలుంటాయి, జవాబులు రాసి, ఆ ఎర్త్‌క్యాష్ పెట్టినాయనకి పంపాలి. రూల్ ఏంటంటే ఇంట్లో కూర్చుని గూగుల్ చేస్తే జవాబు దొరక్కూడదు, అక్కడికి వెళ్లి కళ్లతో చూస్తేనే తెలియాలి. ఇంకో రూలు, రాయి ముక్క ఒక్కటి కూడా తీయకూడదు, గీకకూడదు. డీసీలో ఇది ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ మైదానమంతా నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లది, పర్మిషన్ లేకుండా అక్కడ డబ్బా దాచడం కుదరదు. ఆ ఊళ్లో ఎవరిదో తెలీని డబ్బా ఒకటి పొద కింద కనబడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

(నవ్వులు)

అందుకని మేము ఎర్త్‌క్యాష్ పద్ధతి తీసుకుని, దానికి కొంచెం లెక్కలు కలిపి, మన పిల్లల కోసం ఒక పజిల్ చేసుకున్నాం.

కథ కొంచెం చెప్పాలి, లేకపోతే పజిల్ అర్థం కాదు. 1848 జులై 4న శంకుస్థాపన. డిజైన్ రాబర్ట్ మిల్స్‌ది. బాల్టిమోర్‌లో ఇంకో వాషింగ్టన్ మాన్యుమెంట్ ఉంది చూడండి, స్తంభం మీద ఆయన నిలబడి ఉంటాడు, అదీ ఈయన డిజైనే, అదీ ఆ చుట్టుపక్కల పాలరాయే. మన మాన్యుమెంట్‌కి మొదటి రాయి మేరీల్యాండ్‌లో టెక్సాస్ అనే ఊరి క్వారీ నుంచి వచ్చింది. టెక్సాస్ అంటే డాలస్ మేనమామ గారిది కాదు నాన్నా, బాల్టిమోర్‌కి ఉత్తరంగా చిన్న ఊరు. రాష్ట్రాలు, ఊళ్లు, సంఘాలు, వేరే దేశాలు కూడా పేర్లు చెక్కిన రాళ్లు పంపాయి, 193 ఉన్నాయి లోపలి గోడల్లో. పోప్ తొమ్మిదో పయస్ కూడా రోమ్ నుంచి ఒకటి పంపాడు. 1854లో ఒక రాత్రి కొంతమంది వచ్చి కాపలావాణ్ణి బెదిరించి ఆ పోప్ రాయిని ఎత్తుకుపోయారు. అప్పట్లో నో-నథింగ్స్ అని ఒక పార్టీ, కేథలిక్కులన్నా వలస వచ్చినవాళ్లన్నా పడనివాళ్లు, తర్వాత ఏడాది వాళ్లు మాన్యుమెంట్ సొసైటీనే చేజిక్కించుకున్నారు. చందాలు ఆగిపోయాయి. పని సుమారు 150 అడుగుల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత అంతర్యుద్ధం, ఆ మొండి గోడ చుట్టూ మైదానంలో సైన్యం కోసం పశువుల్ని మేపారు. వలసదారులంటే పడనివాళ్ల వల్ల ఆగిన కట్టడం ముందు వలస వచ్చిన మనం పులిహోర తింటూ ఫోటోలు దిగుతున్నాం, అది వేరే సంగతి.

1878లో సైన్యం ఇంజినీర్లకి అప్పజెప్పారు, థామస్ కేసీ అనే ఆయన చేతికి. ఆయన మొదట మసాచుసెట్స్ నుంచి పాలరాయి తెప్పించాడు. కొన్ని వరసలు పేర్చారు. నాణ్యత కుదరలేదు, రావడమూ ఆలస్యం. దాంతో మళ్లీ మేరీల్యాండే గతి అనుకుని ఈసారి కాకీస్‌విల్ ఊరి క్వారీకి వెళ్లారు. 1884 డిసెంబర్ 6న కొసన అల్యూమినియం మొన పెట్టి పూర్తిచేశారు. ఆ రోజుల్లో అల్యూమినియం వెండి లాంటి ఖరీదు సరుకు.

ఇప్పుడు పజిల్. మొదటి ప్రశ్న: మాన్యుమెంట్ చుట్టూ యాభై జెండాలుంటాయి, ఆ వలయం దగ్గర నిలబడి పైకి చూడండి, ఎన్ని రంగులు? అందరూ రెండు అంటారు. పెద్దవాళ్లు మరీ ధీమాగా రెండు అంటారు. కాస్త ఓపిగ్గా చూస్తే మధ్యలో సన్నటి పట్టీ ఒకటి కనబడుతుంది, అదే మసాచుసెట్స్ రాయి. మూడు రాళ్లు, మూడు ఛాయలు. ఏది ముదురు, ఏది లేత అని నేను చెప్పను, అది పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా అనిపిస్తుంది, మీరు వెళ్లిన టైము రాసి, ఏ ముఖం చూశారో రాసి, మీకేం కనబడిందో రాయాలి.

రెండో ప్రశ్న: ఆ గీత ఎంత ఎత్తులో ఉంది? టేపు పెట్టలేం కదా. స్కూల్ ప్రొట్రాక్టర్ తీసుకుని మధ్యలో దారం కట్టి దారానికి ఒక నట్టు వేలాడదీయండి. ప్రొట్రాక్టర్ అంచు వెంబడి గీతని చూస్తూ వెనక్కి నడవండి, దారం సరిగ్గా 45 డిగ్రీల మీద నిలబడ్డ చోట ఆగండి. అక్కడి నుంచి గోడ దాకా ఎంత దూరమో, దానికి మీ కంటి ఎత్తు కలిపితే గీత ఎత్తు వచ్చేస్తుంది. దూరం ఫోన్ జీపీఎస్‌తో చూసుకోండి. 150కి అటూ ఇటూ వస్తే శభాష్. స్కూల్లో ట్రిగనామెట్రీ ఎందుకురా అని అడిగే పిల్లలందరికీ ఇది నా జవాబు.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. గోడ దగ్గరికెళ్లి, ముక్కు తగిలేంత దగ్గరగా కింది రాయిని చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చాలు, పది రూపాయల భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఎండ ఏటవాలుగా పడుతుంటే గింజలు గింజలుగా మెరుస్తుంది. ఆ మెరిసే ప్రతి ముఖమూ ఒక స్ఫటికం. ఆ గింజలెంత పెద్దవి, బియ్యపు గింజ కంటే చిన్నవా పెద్దవా? ఇది రాసుకోండి. పైన ఉన్న రాయిని తాకలేం కాబట్టి దాని చుట్టాన్ని చూడాలి, ఆ చుట్టం కాపిటల్ బిల్డింగ్‌లో, అంటే అమెరికా పార్లమెంటు భవనంలో ఉంది. కాపిటల్‌కి రెండు వైపులా తర్వాత కట్టిన రెక్కలుంటాయి కదా, వాటి స్తంభాలు కాకీస్‌విల్ పాలరాయే. బాల్టిమోర్ వెళ్లేవాళ్లయితే అంత దూరం కూడా అక్కర్లేదు, పాత వరస ఇళ్ల ముందు తెల్లటి మెట్లు ఉంటాయి, వాటిల్లో చాలా వరకు ఆ రాయే. పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది, కింద టెక్సాస్ రాయి కల్లుప్పులా ముతక, కాకీస్‌విల్ రాయి మెత్తుప్పులా సన్నం.

ఇక్కడ తమాషా ఏంటంటే ఈ రెండు ఊళ్లూ పక్కపక్కనే. రెండు క్వారీల్లోదీ ఒకే పాలరాతి పొర. సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట అక్కడ లోతు లేని సముద్రం, అడుగున సున్నపు బురద పేరుకుని సున్నపురాయి అయింది, తర్వాత భూమి పలకలు గుద్దుకుని కొండలు లేచినప్పుడు ఆ వేడికీ ఒత్తిడికీ సున్నపురాయి లోపల్లోపలే మళ్లీ స్ఫటికాలు కట్టి పాలరాయి అయింది. కానీ ఒక చోట అది అచ్చంగా కాల్సైట్ అనే సున్నపు ఖనిజం, ఇంకో చోట మెగ్నీషియం కలిసిన డోలమైట్. కింది రాయిలో కాల్సైట్ పెద్ద గింజలు, పై రాయిలో డోలమైట్ సన్న గింజలు. వాన నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకుని కొంచెం పుల్లగా అయి పడతాయి, మామూలు స్వచ్ఛమైన వాన కూడా అంతే, ఊరి పొగ కలిస్తే ఇంకా పులుపు. ఆ పులుపుకి కాల్సైట్ త్వరగా కరుగుతుంది, డోలమైట్ నిదానంగా కరుగుతుంది. గింజల మధ్య సందుల్లోకి నీళ్లు దిగే తీరు వేరు, రాయిలో పిసరంత ఇనుముంటే అది తుప్పు పట్టి ఛాయ మారే తీరు వేరు. ఇవన్నీ కలిస్తే ఆ గీత.

(సభలోంచి ఒక పెద్దాయన: "బాబూ, మా కడప బండల మీద నిమ్మకాయ పడితే తెల్లమచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. అదీ ఇదీ ఒకటేనా?")

ఒకటేనండి బాబాయిగారూ! నేను చెప్పడానికి తంటాలు పడుతున్నదంతా మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు. కడప నల్లబండ సున్నపురాయి. నిమ్మరసం పడిన చోట పైపొర కరిగిపోతుంది, అది మరక కాదు, అక్కడ రాయే కొంత పోయింది, అందుకే తోమితే పోదు. ఇంట్లో చేసి చూడాలనుకుంటే పాత బండముక్క ఒకటి తీసుకుని నిమ్మరసం చుక్క వేసి చూడండి పిల్లలూ, సన్నగా బుడగలొస్తాయి. మాన్యుమెంట్ మీద మాత్రం చేయకండి, దయచేసి. అదే చీమకుర్తి గెలాక్సీ రాయి మీద వేస్తే ఏమీ కాదు, దాన్ని గ్రానైట్ అని అమ్ముతారు గానీ జియాలజీ వాళ్లు గాబ్రో జాతి అంటారు, దాంట్లో సున్నపురాయిలోలా పులుపుకి కరిగే ఖనిజాలు లేవు. అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు వంటగది గట్టుకి మార్బుల్ వేయించుకుంటామని ముచ్చటపడేవాళ్లకి ఇదే చెప్తుంటాను, చింతపండు పులుసు కాచే ఇంట్లో మార్బుల్ ఎందుకండి?

(నవ్వులు)

నాలుగో ప్రశ్న: ఒక్కో ముఖాన్నీ చూస్తూ చుట్టూ తిరగండి. వాన ధారగా కడిగే చోట్లు, వాన తగలక నీడగా ఉండే మూలలు ఎలా ఉన్నాయి? సాధారణంగా పాలరాతి కట్టడాల్లో వాన కడగని చోట పొగలోని గంధకం రాయితో కలిసి జిప్సం పొర కట్టి, దాంట్లో మసి ఇరుక్కుని నల్లబడుతుంది. ఈ మాన్యుమెంట్ గోడలు నున్నగా నిటారుగా ఉంటాయి కాబట్టి అలాంటి చోట్లు తక్కువే, అందుకే ఈ ప్రశ్నకి జవాబు వెతకడం కష్టం, కావాలనే పెట్టాం. పక్కనే లింకన్ మెమోరియల్ మీద ఎక్కువ దొరుకుతుంది, అయితే అది కొలరాడో పాలరాయి, ఇంకో పజిల్‌కి దాచుకుంటున్నాం.

(ఒక అమ్మాయి ప్రశ్న: "పాలరాయిలో ఫాసిల్స్ ఎందుకు లేవు?")

చాలా మంచి ప్రశ్న అమ్మా. సున్నపురాయిగా ఉన్నప్పుడు ఫాసిల్స్, అంటే రాయిలో మిగిలిన పాత జీవుల ఆనవాళ్లు, ఉండి ఉండొచ్చు. స్ఫటికాలు మళ్లీ కట్టినప్పుడు పాత ఆకారాలన్నీ చెరిగిపోయాయి. అందుకే డీసీలో ఫాసిల్స్ కావాలంటే పాలరాతి కట్టడాలు వదిలేసి సున్నపురాతి గోడలున్న బిల్డింగులు చూడాలి.

ఐదోది, చివరిది, ఇది చోటు వెతికే పజిల్. ఇంజినీర్లు పాటించిన కొలత ఒకటుంది, ఎత్తు మొదలు దగ్గరి వెడల్పుకి పది రెట్లు. ఎత్తు సుమారు 555 అడుగులు, వెడల్పు 55. ఆ వెడల్పుని 7తో గుణించండి, 385. మాన్యుమెంట్ మధ్య నుంచి సుమారు అన్ని అడుగులు పడమరకి, కాస్త ఉత్తరం మొగ్గి నడవండి. వాయవ్యం అనకండి, వాయవ్యం కంటే పడమరే ఎక్కువ, మన వాస్తు మామయ్యగారు ఇందాకటి నుంచి నా వంకే చూస్తున్నారు. అక్కడ గడ్డిలో నడుం ఎత్తు కంటే తక్కువగా ఒక రాతి దిమ్మ ఉంటుంది. జెఫర్సన్ పియర్ అంటారు. ఇప్పుడు ప్రశ్న: ఇక్కడ నిలబడి వైట్‌హౌస్ వైపు చూడండి, కాపిటల్ వైపు చూడండి, ఏం గమనించారు?

రెండింటి గీతలూ సరిగ్గా అక్కడే కలుస్తాయి. ఊరి ప్లాన్ గీసినాయన లెక్క ప్రకారం వాషింగ్టన్ స్మారకం ఉండాల్సింది ఆ చోటే. కానీ అక్కడ నేల మెత్తన, పక్కనే వాగు, బురద నేల, అంత బరువు మోయదు. అందుకని ఆగ్నేయంగా ఉన్న మిట్టకి జరిపారు, తూర్పుకి 371 అడుగులు, దక్షిణానికి 123. అంటే అమెరికా రాజధానిలో అన్నిటికంటే ఎత్తయిన రాతి కట్టడం తన చోటు తప్పి నిలబడ్డదంటే దానికి కారణం కూడా నేలే. జరిపాక కూడా కేసీగారికి పాత పునాది మీద నమ్మకం లేదు, పైకి కట్టే ముందు ఆయన చేసిన మొదటి పని కట్టడం నిలబడి ఉండగానే కింద తవ్వి దాదాపు 13 అడుగుల మందం కాంక్రీటు పలక పోయించడం. ఒక్కసారి ఆలోచించండి, 150 అడుగుల రాతి బరువు పైన వేలాడుతుండగా దాని కింద దూరి తవ్వడం. రంగు గీత కథ అందరూ చెప్తారు, ఈ కథ ఎవరూ చెప్పరు, నా మట్టుకు నాకు ఇదే గొప్పది.

బోనస్ ఒకటుంది, జీపీఎస్ పిచ్చి ఉన్నవాళ్లకి. మాన్యుమెంట్‌కి దక్షిణం వైపు నేలలో ఒక మ్యాన్‌హోల్ మూత ఉంది, దాని కింద 12 అడుగుల ఎత్తున్న చిన్న వాషింగ్టన్ మాన్యుమెంట్ పాతిపెట్టి ఉంది. నిజమండి, నవ్వకండి. 1880లలో సర్వే వాళ్లు ఎత్తులు కొలవడానికి గుర్తుగా పెట్టుకున్నది. పెద్దది కుంగుతోందా లేదా అని చూడాలంటే పక్కన కదలని గుర్తు ఒకటి కావాలి కదా. మూత తెరవడానికి మనకి వీల్లేదు, మూత ఎక్కడుందో కనిపెట్టి దాని పక్కన నిలబడితే చాలు.

(సభలోంచి: "భూకంపం వచ్చినప్పుడు పగిలిందన్నారు, అది ఈ గీత దగ్గరేనా?")

కాదండి. 2011 ఆగస్టు 23, మధ్యాహ్నం, మనలో చాలామంది ఆఫీసుల్లో ఉన్నాం, గుర్తుండే ఉంటుంది. తీవ్రత 5.8. వర్జీనియాలోనే మినరల్ అనే ఊరి దగ్గర పుట్టింది. పగుళ్లు ఎక్కువగా పై భాగంలో వచ్చాయి, రాళ్లు ఏటవాలుగా కూర్చున్న పైకప్పు దగ్గర. ఊగినప్పుడు కొసే కదా ఎక్కువ ఊగేది. బాగుచేసి 2014 మే 12న మళ్లీ తెరిచారు. కాలిఫోర్నియాలో 5.8 వస్తే చుట్టుపక్కలే తెలుస్తుంది, ఇక్కడ తూర్పున రాయి పాతది, చల్లబడి గట్టిపడ్డది, విరుపులు తక్కువ, అందుకే కుదుపు చాలా దూరం పోతుంది, ఆ రోజు జార్జియా నుంచి కెనడా దాకా జనానికి తెలిసింది. ఆ రిపేర్ల కోసం చుట్టూ కట్టిన పరంజా ఎక్కే సర్వే వాళ్లు ఎత్తు మళ్లీ కొలిచారు, 554 అడుగుల 7 అంగుళాల చిల్లర వచ్చింది, పాత లెక్కకంటే పది అంగుళాలు తక్కువ. కుంగిందని కంగారు పడొద్దు, కింద ఎక్కడి నుంచి కొలవాలన్న రూలు మారింది అంతే. పిడుగులు పడీ పడీ మొన మాత్రం అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులంత అరిగింది, అది నిజం.

(ఇంకో ప్రశ్న: "మన దగ్గర, అంటే వరంగల్‌లోనో లేపాక్షిలోనో, ఇలాంటిది పెట్టొచ్చా?")

భేషుగ్గా పెట్టొచ్చు, పురావస్తు శాఖ వాళ్ల రూల్స్ చూసుకుని. డబ్బా లేదు కాబట్టి గొడవ తక్కువ. వేయి స్తంభాల గుడిలో అద్దంలా మెరిసే నల్ల స్తంభాలు డోలరైట్, పక్కనే గ్రానైట్. అన్ని వందల ఏళ్లయినా ఆ నల్లరాయి నునుపు ఎందుకు పోలేదు అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, పిల్లలు గంటసేపు అక్కడే ఉంటారు. సెలవులకి వెళ్లేవాళ్లు ఎవరైనా ప్రశ్నలు రాసుకొస్తే కలిసి కూర్చుని పజిల్ చేద్దాం, నాకు వాట్సాప్‌లో చెప్పండి.

ఇక వెళ్లే సంగతి. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి స్మిత్సోనియన్ మెట్రో స్టేషన్ బయట కలుద్దాం, కారులో వచ్చి పార్కింగ్ కోసం తిరక్కండి. పిల్లలు ఇద్దరిద్దరు ఒక జట్టు, జట్టుకొక ప్రొట్రాక్టర్, దారం, నట్టు, పెన్సిలు, భూతద్దాలు నేను తెస్తాను. లోపలికి లిఫ్టులో ఎక్కాలనుకునేవాళ్లు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, పజిల్‌కి అది అక్కర్లేదు. జవాబులు అక్కడే చెప్పుకోవద్దు, ఒక జట్టు విన్నది ఇంకో జట్టు రాసేస్తుంది, రాసిన కాగితాలు నాకివ్వండి. పులిహోర ఎవరు తెస్తారో ఇప్పుడే చేతులెత్తండి, లేకపోతే అందరూ అదే తెస్తారు.